బోటు మధ్యలో ఆగితే ముందు చుక్కాని చూడండి

(విశాఖపట్నంలో రేడియో కంట్రోల్ బోట్లు నడిపేవారి శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని చూడనివాళ్ళు ఈ హాల్లో ఉండరు. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, ఇప్పుడు ఇసుక మీద మ్యూజియంగా నిలబడింది. పైన తేలుతున్నప్పుడు డీజిల్, మునిగితే బ్యాటరీ. అంటే అదీ ఎలక్ట్రిక్ బోటే. ఈ బల్ల మీదున్న 60 సెంటీమీటర్ల బోటుకీ దానికీ ఒక చుట్టరికం ఉంది. బ్యాటరీలో బయల్దేరిన శక్తి ప్రొపెల్లర్ దాకా చేరాలి. చేరలేదంటే దారిలో ఎక్కడో వేడి కింద ఖర్చయిపోయిందన్నమాట. ఆ వేడి ఎక్కడుందో పట్టుకోవడం గురించే ఈవేళ మాట్లాడుకుందాం.

బోటు ఆగగానే మనవాళ్ళు ఏం చేస్తారు? ఒడ్డుకి లాగి, మూత తీసి, చేతికందిన వైరల్లా పీకి మళ్ళీ పెడతారు. బోటు నడుస్తుంది. “ఏటయిందో గానీ బాగయిపోనాది” అనుకుంటారు. బాగవలేదండీ. వదులైన కనెక్టరు కాసేపు గట్టిగా కూర్చుంది. పది నిమిషాల్లో మళ్ళీ ఆగుతుంది, ఈసారి ఇంకాస్త దూరంలో. పైగా మీరు అన్నీ పీకేశారు కాబట్టి తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాలు కూడా పోయింది.

అందుకని మూత ముట్టుకోకముందే ఒక ప్రశ్నకి జవాబు రాబట్టండి: చుక్కాని తిరుగుతోందా? బోటు ఇంకా ముందుకి జారుతుండగానే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పాలి. పూర్తిగా ఆగిపోయాక తిప్పితే ముక్కు కదలదు, ఎందుకంటే చుక్కాని రెక్క పక్కనుంచి నీళ్ళు పారడం లేదు. అప్పటికే ఆగిపోయి ఉంటే, గాలికి ఒడ్డుకి కొట్టుకొచ్చేదాకా ఆగి, రెక్క కదులుతోందో లేదో కళ్ళారా చూడండి.

చుక్కాని తిరుగుతోంది, మోటారు మాత్రం తిరగట్లేదు అంటే బోటులో సిగ్నల్ అందుకునే రిసీవర్‌కి కరెంటు అందుతోంది, రేడియో బాగానే ఉంది, బ్యాటరీ ప్లగ్గు ఊడలేదు. అనుమానం ఈఎస్‌సీ మీదా, మోటారు మీదా పెట్టుకోవాలి. ఈఎస్‌సీ అంటే స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీ నుంచి మోటారుకి ఎంత కరెంటు వెళ్ళాలో చూసేది. రెండూ చచ్చిపోయాయంటే ప్రధాన ప్లగ్గు, లేదా రిసీవర్‌కి 5 వోల్టులిచ్చే బీఈసీ, లేదా రేడియో. మూడో రకం ఒకటుంది. మోటారు గోల పెరిగింది, బోటు మాత్రం కదల్లేదు. అక్కడ కరెంటుతో పేచీ లేదు. మోటారునీ, ప్రొపెల్లర్ తిప్పే షాఫ్టునీ కలిపే కప్లర్ జారిపోతోంది, లేదా ప్రాప్, అంటే ప్రొపెల్లర్, వదులైంది.

మొదటి రకం గురించి ఎక్కువ చెప్తాను, మన దగ్గర ఆగే బోట్లలో అదే ఎక్కువ.

ఈఎస్‌సీ తనంతట తాను మోటారుని ఆపడానికి రెండు కారణాలుంటాయి. వోల్టేజి పడిపోయింది, లేదా తను వేడెక్కిపోయింది. ఏదో తెలుసుకోడానికి మీటరు కూడా అక్కర్లేదు, గడియారం చాలు. త్రాటిల్ సున్నాకి తెచ్చి మళ్ళీ ఇస్తే వెంటనే కదిలి, గట్టిగా నొక్కగానే మళ్ళీ ఆగిపోతే అది వోల్టేజి. ఎంత నొక్కినా పలక్కుండా నాలుగైదు నిమిషాలకి తనంతట తాను లేచి, కాసేపు బాగా నడిచి మళ్ళీ పడిపోతే అది వేడి.

వోల్టేజి సంగతి బోర్డు మీద లెక్కేద్దాం. 3ఎస్ లైపో ప్యాక్, అంటే మూడు లిథియం పాలిమర్ సెల్స్ వరసగా కలిపిన బ్యాటరీ, 5000 ఎంఏహెచ్. నిండా ఛార్జి చేస్తే సెల్లుకి 4.2, మొత్తం 12.6 వోల్టులు. కొంచెం నడిపాక సెల్లుకి 3.8, మొత్తం 11.4 ఉందనుకోండి. ఫుల్ త్రాటిల్‌లో బోటు 50 ఆంపియర్లు లాగుతోంది. ప్యాక్ కొత్తది, సెల్లుకి లోపలి నిరోధం 4 మిల్లీ ఓములు. మూడు సెల్స్‌కి 12. యాభైతో గుణిస్తే 0.6 వోల్టు పడుతుంది, 10.8 మిగులుతుంది. హాయిగా నడుస్తుంది.

ఇప్పుడు అదే ప్యాక్ రెండు ఎండాకాలాలు చూసింది. నిండా ఛార్జి చేసి నెలల తరబడి బీరువాలో పెట్టారు. సెల్లుకి 15 మిల్లీ ఓములైంది, మూడింటికీ 45. యాభై ఆంపియర్ల దగ్గర 2.25 వోల్టులు లోపలే పోతాయి. మిగిలేది 9.15. ఈఎస్‌సీలో కటాఫ్, అంటే మోటారు ఆపేసే వోల్టేజి, సెల్లుకి 3.2, మొత్తం 9.6 పెట్టి ఉంటే అది దాని పని అది చేసేసింది, మోటారు ఆపేసింది. మోటారు ఆగగానే వోల్టేజి తిరిగి 11.4 దగ్గరకొస్తుంది. ఒడ్డుకొచ్చి మీటరు పెడతారు, 11.4 చూపిస్తుంది. “బ్యాటరీ ఫుల్లుగా ఉంది, ఈఎస్‌సీ పోయింది” అని కొత్త ఈఎస్‌సీ కొంటారు. కొత్తదీ ఆగుతుంది.

ఆ 2.25 వోల్టులు, 50 ఆంపియర్లు కలిస్తే 112 వాట్లు. అంత వేడి ప్యాక్ లోపలే పుడుతోంది. చెయ్యి పెడితే తెలిసిపోతుంది. లైపో 60 డిగ్రీలు దాటకూడదు. మూడు సెకన్లు వేలు ఆనించలేకపోయారంటే దాటినట్టే లెక్క. ఉబ్బిన ప్యాక్ అయితే ఇంక పరీక్షలేమీ వద్దు, పక్కన పెట్టేయండి.

ఇక్కడ చేయాల్సిన పని: ఒడ్డుకి రాగానే, చల్లారకముందే, ఒక్కో సెల్ నుంచి తీగలొచ్చే చిన్న బ్యాలెన్స్ ప్లగ్గులో సెల్ చెకర్ పెట్టి ఒక్కో సెల్ విడిగా చూడండి. మూడూ 3.75 దగ్గర దగ్గరగా ఉంటే పర్లేదు. రెండు 3.75, ఒకటి 3.55 అంటే ఆ ఒక్క సెల్లే బోటుని ఆపుతోంది. తర్వాత ఛార్జర్లో నిరోధం చూపించే సదుపాయం ఉంటే అది చూసి, తారీకు వేసి ప్యాక్ మీదే మార్కర్‌తో రాయండి. అంకె ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు, ఛార్జరుకీ ఛార్జరుకీ తేడా వస్తుంది. అదే ఛార్జరుతో, అదే గది వేడిలో నెలనెలా రాస్తే పెరుగుదల కనిపిస్తుంది. వారం పైగా నడపకపోతే సెల్లుకి 3.8 దగ్గర నిలవ ఉంచండి. మన ఊరి మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే ప్యాక్ ఎన్నాళ్ళూ బతకదు.

ప్యాక్ బాగానే ఉంది, అయినా ఆగుతోంది. అప్పుడు కనెక్టర్లు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉన్నాం కాబట్టి దీన్ని వదిలేసి ముందుకెళ్ళలేం. బంగారు పూత ఉన్న బులెట్ కనెక్టరుకి, అంటే గుండు పిన్ను గొట్టంలో దూరే రకానికి కూడా పూత అరిగిన చోట ఉప్పు గాలికి పచ్చగా చిలుము పడుతుంది. బులెట్ చుట్టూ ఉన్న స్ప్రింగు రేకులు వేడికి బిగువు పోగొట్టుకుంటాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అరకొరగా పెట్టిన సోల్డర్. పైన ముద్దలా మెరుస్తూ కనిపిస్తుంది, లోపల తీగకి సోల్డర్ అంటి ఉండదు.

బాగున్న బులెట్ జాయింటులో నిరోధం అర మిల్లీ ఓము కూడా ఉండదు. చెడినది 10 మిల్లీ ఓములుందనుకోండి. 50 ఆంపియర్ల దగ్గర అర వోల్టు, 25 వాట్లు. 25 వాట్లంటే మీ ఇంట్లో ఉన్న సోల్డరింగ్ ఐరన్! దాన్ని ప్లగ్గులో పెట్టుకుని బోటు నడుపుతున్నారన్నమాట. 63-37 సోల్డర్ 183 డిగ్రీలకి కరుగుతుంది. అందుకే కొన్ని బోట్లలో తీగ తనంతట తానే ఊడి బయటికొచ్చేస్తుంది. అంతదాకా రాకముందు కనిపించే గుర్తు, జాయింటు మీది హీట్ ష్రింక్ తొడుగు గోధుమరంగులోకి తిరగడం, ఎక్స్‌టీ60 ప్లగ్గు పసుపు ప్లాస్టిక్‌లో పిన్ను కాస్త పక్కకి వాలడం.

దీన్ని కొలిచే పద్ధతి ఇలా. మల్టీమీటరు మిల్లీవోల్టుల్లో పెట్టండి. నిరోధం మోడ్‌లో కొలవొద్దు, మామూలు మీటరుకి అంత చిన్న నిరోధం ఆనదు, దాని ప్రోబుల నిరోధమే అంతకంటే ఎక్కువ. బోటుని మోకాలిలోతు నీళ్ళలో ఒకరు గట్టిగా పట్టుకోవాలి, వేళ్ళు వెనక వైపు లేకుండా. మీటరు ప్రోబులు ప్లగ్గుకి ఇటు సోల్డర్ మీదా, అటు సోల్డర్ మీదా ఆనించాలి. రెండు ప్రోబులూ ఒకే తీగ మీదే, ప్లస్ నుంచి మైనస్‌కి అడ్డంగా పొరపాటున కూడా కాదు. ఇంకొకరు సగం త్రాటిల్ మూడు సెకన్లు ఇవ్వాలి, బ్యాటరీ తీగలో పెట్టిన వాట్ మీటరులో 20 ఆంపియర్లు కనపడేదాకా. బాగున్న జాయింటు 10 మిల్లీవోల్టుల లోపు చూపిస్తుంది. 200 చూపిస్తే కోసి పారేసి కొత్తది వేయండి, గీకి శుభ్రం చేస్తూ కూర్చోవద్దు. సోల్డర్ చేసేటప్పుడు 25 వాట్ల ఐరన్ 4 మిల్లీమీటర్ల బులెట్‌కి చాలదు, 60 వాట్లదైనా కావాలి.

మోటారు మూడు తీగల్లో ఒకటి వదులైతే లక్షణం వేరు. మోటారు తిరగబోయి వణుకుతుంది, గరగరమంటుంది, మొదలవదు. అది చూసి మోటారు కాలిపోయిందనుకోకండి. మూడు బులెట్లూ ఒక్కొక్కటే లాగి చూడండి.

వైర్ల గురించి ఒక మాట. బరువు సర్దడానికి బ్యాటరీని ముక్కు వైపు జరిపి, తీగలు పొడిగిస్తారు. పొడిగించాల్సి వస్తే ఈఎస్‌సీని కూడా బ్యాటరీ వైపు జరిపి మోటారు తీగలే పొడిగించండి, బ్యాటరీ తీగలు కాదు. బ్యాటరీ వైపు పొడవు పెరిగితే ఈఎస్‌సీ కెపాసిటర్ల మీద వోల్టేజి అలలు పెరిగి అవి ఉడికిపోతాయి. తప్పదంటే అదనపు ప్రతి 10 సెంటీమీటర్లకి 220 మైక్రోఫారడ్, తక్కువ ఈఎస్ఆర్, అంటే లోపలి నిరోధం తక్కువగా ఉన్న కెపాసిటర్ ఒకటి, 3ఎస్‌కి 25 వోల్టులదైనా, ఈఎస్‌సీకి ఆనుకుని వేయాలి. ప్లస్, మైనస్ తారుమారైతే పేలుతుంది.

ఇప్పుడు రెండో కారణం, వేడి. చల్లదనానికి నీళ్ళు లోపలికి ఎలా వస్తాయి? చుక్కాని అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి. బోటు పరుగే పంపు. ఆ రంధ్రంలో ఒక్క ఇసుక రేణువు, ఒక నాచు పోగు ఇరుక్కుంటే చాలు. బోటు ఒడ్డుకి దగ్గరగా వెళ్తున్నప్పుడు పక్కనున్న గొట్టంలోంచి నీటి ధార పడుతోందో లేదో చూడండి. సన్నగా, తెగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే ఆపేయండి. ఇంటి దగ్గర 20 మిల్లీలీటర్ల సిరంజితో, నీళ్ళు బయటికొచ్చే వైపు నుంచి లోపలికి కొట్టండి, చెత్త వచ్చిన దారినే పోతుంది. సిలికాన్ గొట్టం చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, వేడెక్కి మెత్తబడ్డాక వంపు దగ్గర మడత పడుతుంది. కాబట్టి మూత బిగించి, పది నిమిషాలు నడిపి, తీసి చూడాలి. సముద్రంలో నడిపినరోజు మంచినీళ్ళు ఎక్కించకపోతే ఉప్పు లోపలే పేరుకుంటుంది.

మోటారుకి వేడి చేసే చెరుపు ఒకటుంది, పైకి కనపడదు. మామూలు రకం నియోడైమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడతాయి. చల్లారినా తిరిగి రాదు. అలాంటి మోటారు బల్ల మీద ఇంకా హుషారుగా తిరుగుతుంది, వోల్టుకి నిమిషంలో తిరిగే చుట్లు పెరుగుతాయి కాబట్టి. నీళ్ళలో పెడితే సత్తువ ఉండదు, కరెంటు మాత్రం తెగ తాగుతుంది. దీన్ని పట్టుకోవాలంటే మోటారు కొన్నరోజే షాఫ్ట్ లేకుండా, సగం త్రాటిల్లో ఎన్ని ఆంపియర్లు లాగుతోందో రాసుకోవాలి. ఆ అంకె లేకపోతే తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేరు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడేవాళ్ళు మోటారు డబ్బా మీద చిన్న నల్ల టేపు ముక్క అతికించి దాని మీద చూడండి. మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది.

వేడి పుట్టడానికి సగం కారణాలు షాఫ్ట్ దగ్గర ఉంటాయి. ఫ్లెక్స్ షాఫ్ట్ పేనిన ఉక్కు తీగ. బరువు పడినప్పుడు బిగుసుకుని కాస్త కురచవుతుంది. అందుకని వెనక ప్రాప్‌ని పట్టుకునే డ్రైవ్ డాగ్‌కీ, షాఫ్ట్ చివరని మోసే స్ట్రట్‌కీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఖాళీ లేకుండా బిగిస్తే బల్ల మీద వేలితో తిప్పితే మెత్తగా తిరుగుతుంది, నీళ్ళలో ఫుల్ త్రాటిల్ ఇవ్వగానే డాగ్ వచ్చి స్ట్రట్‌ని ఒరుసుకుంటుంది. ఆ ఒరుపు గుర్తు చూడండి, రాగిరంగు పొడి, మెరిసే గీత. వదలాల్సిన ఖాళీ కొలవడానికి 2.5 మిల్లీమీటర్ల అలెన్ కీ అడ్డం పెట్టి కప్లర్ బిగిస్తే సరిపోతుంది.

గ్రీజు మెరైన్ గ్రీజే. మంచినీళ్ళలో అరగంట, గంట నడిపాక షాఫ్ట్ లాగి తుడిచి మళ్ళీ పూయాలి. ఉప్పునీళ్ళలో ఏ రోజుకారోజే. తుప్పు పట్టిన షాఫ్ట్ గొట్టాన్ని లోపల్నుంచి గీరేస్తుంది. గ్రీజు పోతే నీళ్ళు కూడా గొట్టం గుండానే బోటులోకి ఎక్కుతాయి. అర లీటరు నీళ్ళు చేరితే అర కిలో బరువు. అది కూడా పవర్ తగ్గినట్టే కనిపిస్తుంది. ముందు బోటు ఎత్తి ఊపి చూడండి, గలగలమంటే మిగతా పరీక్షలు తర్వాత.

కప్లర్‌ని షాఫ్ట్‌కి బిగించే తల లేని చిన్న స్క్రూలు, అంటే గ్రబ్ స్క్రూలు, జారే సమస్యకి షాఫ్ట్ మీద స్క్రూ కూర్చునే చోట ఆకురాయితో చిన్న చదును చేసి, స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే నీలం రంగు త్రెడ్‌లాకర్ ఒక చుక్క వేయండి. ఎరుపు వేయొద్దు, మళ్ళీ ఊడదు.

ప్రాప్ దగ్గరికొద్దాం. బోటు నెమ్మదించిందని పెద్ద ప్రాప్ వేసేవాళ్ళు చాలామంది. ఒకే ఆకారం, ఒకే వేగం అయితే ప్రాప్ లాగే శక్తి వ్యాసానికి ఐదో ఘాతం. 40 మిల్లీమీటర్లది తీసి 42 వేశారు. పెరిగింది 5 శాతమే కదా అనిపిస్తుంది. 1.05ని ఐదుసార్లు గుణించండి, 1.276. అంటే మోటారు మీద బరువు 28 శాతం పెరిగింది. 3ఎస్ నుంచి 4ఎస్‌కి మార్చి ప్రాప్ అదే ఉంచితే ఇంకా ఘోరం, అక్కడ శక్తి వేగానికి మూడో ఘాతం. మూడింట ఒక వంతు వేగం పెరిగితే శక్తి రెండింతలు దాటుతుంది. మన ఊళ్ళో నౌకాదళ పరిశోధనలు చేసే ఎన్‌ఎస్‌టీఎల్‌కి టోయింగ్ ట్యాంకు, కావిటేషన్ టన్నెల్ ఉన్నాయి, పెద్ద ఓడల ప్రొపెల్లర్లని అలాంటి చోట్ల కొలుస్తారు. మనకున్నది వాట్ మీటరు. అది చాలు. బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య పెట్టి, రెండు నిమిషాలు నడిపి, ప్లగ్గు పీకకముందే అత్యధిక ఆంపియర్లు, అత్యల్ప వోల్టులు చదవండి. పీకితే చాలా మీటర్లు మరిచిపోతాయి. 60 ఆంపియర్ల ఈఎస్‌సీ మీద 45 దాటుతుంటే ప్రాప్ ఒక సైజు తగ్గించడం నా సలహా. కట్టేసిన బోటులో వచ్చిన అంకెని మాత్రం నమ్మకండి, పరుగెత్తే బోటులో ప్రాప్ మీద బరువు వేరేగా ఉంటుంది.

కొత్త బోటు మొదటిరోజు నుంచే మందకొడిగా నడుస్తుంటే ఇవన్నీ వెతక్కండి. ప్రాప్ తీసేసి, ఈఎస్‌సీ పుస్తకంలో చెప్పినట్టు త్రాటిల్ కాలిబ్రేషన్ చేయండి. ట్రాన్స్‌మిటర్లో ఎండ్ పాయింటు, అంటే త్రాటిల్ వెళ్ళగలిగే చివరి హద్దు, 80 శాతం మీద ఉంటే ఫుల్ అన్నది ఎప్పటికీ రాదు.

(సభలోంచి: చుక్కానీ, మోటారూ రెండూ పోతే? రెండు క్షణాల్లో మళ్ళీ వస్తున్నాయి.)

రెండు క్షణాల్లో వస్తున్నాయంటే రిసీవర్ ఆగి మళ్ళీ లేస్తోంది. చుక్కాని పూర్తిగా తిప్పినప్పుడే అవుతోందా? అవునా. అయితే సర్వో, అంటే చుక్కాని తిప్పే చిన్న మోటారు, దాని లింకు చివర్లో తట్టుకుంటోంది. సర్వో పట్టేస్తే బోలెడు కరెంటు లాగుతుంది, బీఈసీ 5 వోల్టులు నిలబెట్టలేదు. మీ ఈఎస్‌సీలో ఉన్నది లీనియర్ బీఈసీ అయితే 12.6 నుంచి 5కి దించడంలో మిగిలిన 7.6 వోల్టులూ వేడే. సర్వో ఒకటిన్నర ఆంపియర్లు లాగితే 11 వాట్లు ఆ చిన్న చిప్పులో. ముందు స్టీరింగ్ తిరిగే మేర తగ్గించండి. తగ్గకపోతే విడి స్విచింగ్ బీఈసీ పెట్టి, ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వెళ్ళే ప్లగ్గులోని ఎర్ర తీగని పిన్నుతో సహా బయటికి తీసి టేపు చుట్టండి. దూరంలోనే అవుతుంటే యాంటెన్నా. 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసేది తీగ చివరి 31 మిల్లీమీటర్లే. అది నీటిమట్టానికి పైన, నిలువుగా, ప్లాస్టిక్ గొట్టంలో ఉండాలి. బోటు అడుగున తడిలో పడుంటే 30 మీటర్లకే సిగ్నల్ పోతుంది. సిగ్నల్ పోయినప్పుడు పనిచేసే ఫెయిల్‌సేఫ్‌లో త్రాటిల్ సున్నాకి సెట్ చేశారో లేదో ఇవాళే చూసుకోండి, ఒడ్డు మీద, ప్రాప్ తీసి, ట్రాన్స్‌మిటర్ ఆపేసి.

(సభలోంచి: గుర్రపుడెక్క ఉన్న చెరువులో చిక్కుకుపోతే?)

వెంటనే త్రాటిల్ వదిలేయండి. వేళ్ళు ప్రాప్‌కి చుట్టుకున్నాక ఇంకా నొక్కితే మోటారు తిరగదు, కరెంటు మాత్రం వెళ్తూనే ఉంటుంది, కొన్ని సెకన్లలో ఈఎస్‌సీ పొగ చూస్తారు. వెనక్కి తిప్పే సదుపాయం ఉంటే ఒక్కసారి మెల్లగా ప్రయత్నించండి, రాకపోతే అక్కడితో ఆపేయండి. ఈదుకుంటూ మాత్రం వెళ్ళొద్దు, అవే వేళ్ళు కాళ్ళకీ చుట్టుకుంటాయి. గాలపు కర్ర తీసుకుని దారం చివర టెన్నిస్ బంతి కట్టండి. బోటు మీదకి గురిపెట్టకండి, దాన్ని దాటించి అవతలకి విసరండి. దారం బోటు మీదుగా పడ్డాక మీరు పక్కకి పది అడుగులు నడిచి మెల్లగా చుట్టుకుంటూ వస్తే బంతి వచ్చి చుక్కాని దగ్గర తట్టుకుంటుంది. అప్పుడు లాగండి.